అమెరికన్ జేబుచాకుల సేకరణ: కేసా, గ్రేట్ ఈస్టర్నా, పాత ష్రేడా?

ఓల్డ్ టైమర్ అనే బ్రాండు పేరుతో వచ్చిన రెండు మడత చాకులు పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటికీ రంపంతో గీరినట్టు గాట్లున్న గోధుమరంగు ప్లాస్టిక్ పిడి, రెండిటికీ మూడేసి బ్లేళ్లు. అడుగు దూరం నుంచి కవలల్లా ఉంటాయి. ఇప్పుడు పెద్ద బ్లేడు తెరిచి, పదును మొదలవక ముందు పిడిని ఆనుకుని ఉండే మొద్దు భాగం చూడండి. సేకర్తలు దాన్ని టాంగ్ అంటారు. ఒకదాని మీద ‘ష్రేడ్, యూఎస్ఏ, 8ఓటీ’ అని ఉంటుంది: కంపెనీ, దేశం, మోడల్ నంబరు. రెండోదాని మీద యూఎస్ఏ అన్న మాటే ఉండదు. మొదటిది న్యూయార్క్ రాష్ట్రం ఎలెన్‌విల్‌లోని ఇంపీరియల్ ష్రేడ్ ఫ్యాక్టరీలో చేసింది, కార్బన్ స్టీలు. ఆ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. పేరు చేతులు మారింది, తయారీ చైనాకు వెళ్లింది.

అందుకే చాకులు పోగుచేద్దామనుకునేవాళ్లు ‘ఏ బ్రాండు మంచిది’ అని అడిగితే నాకు జవాబు తోచదు. ఈ రంగంలో పేరుకీ ఫ్యాక్టరీకీ ఎప్పుడో తెగతెంపులయ్యాయి. కొనాల్సింది ఫ్యాక్టరీని: ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఏ చేతుల్లో తయారైందన్నది. ఆ లెక్కన చూస్తే కొత్తగా మొదలుపెట్టేవాళ్ల ముందు నిజంగా ఉన్న దారులు మూడో నాలుగో.

ముందు కాస్త నేపథ్యం. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ల జేబుల్లో ఉన్న చాకుల్లో ఎక్కువ భాగం ఇంగ్లండు షెఫీల్డ్ నుంచి దిగుమతైనవే. 1890లో మెకిన్లీ టారిఫ్ వచ్చి దిగుమతి చాకుల మీద సుంకం బాగా పెరిగింది. షెఫీల్డ్ వ్యాపారం దెబ్బతింది, అక్కడి పనివాళ్లు కొందరు ఓడెక్కి ఇటు వచ్చేశారు, న్యూయార్క్–పెన్సిల్వేనియా సరిహద్దు పల్లెల్లో చాకుల ఫ్యాక్టరీలు వెలిశాయి. లిటిల్ వ్యాలీ, ఓలియన్, బ్రాడ్‌ఫర్డ్, టిడియూట్, టైటస్‌విల్: ఒక రోజు కారు ప్రయాణంలో చుట్టిరాగలిగిన ఊళ్లివి. వాటిలో బ్రాడ్‌ఫర్డ్, టైటస్‌విల్, చమురు ఊళ్లు కూడా. 1859లో డ్రేక్ నూనె బావి పడింది టైటస్‌విల్ దగ్గరే. చాకుల కుటుంబాలు ఒకరి పిల్లనొకరు చేసుకున్నాయి, ఒకరి దగ్గర పని నేర్చి మరొకరు పోటీ కంపెనీ పెట్టారు. కేస్ వారి అల్లుడు ప్లాట్స్ 1911లో కొలరాడో వెళ్లి వెస్ట్రన్ స్టేట్స్ కట్లరీ పెట్టాడు. పాత చాకుల మీది పేర్లు చదువుతుంటే కొన్నాళ్లకు చుట్టరికాల చిట్టా చదువుతున్నట్టే అనిపిస్తుంది.

కేస్: లెక్క దొరికే కంపెనీ

కేస్ అన్నదమ్ములు 1889లో బండిమీద చాకులమ్మడంతో కథ మొదలైంది. ఆ అన్నదమ్ముల్లో ఒకరి కొడుకైన రస్ కేస్ 1900ల తొలినాళ్లలో తండ్రి పేరు కలిపి డబ్ల్యూ.ఆర్. కేస్ అండ్ సన్స్ పెట్టాడు. కంపెనీ 1905 నుంచీ బ్రాడ్‌ఫర్డ్‌లోనే ఉంది. 1993లో అదే ఊరి లైటర్ల కంపెనీ జిప్పో కొనేసింది. అంటే యజమాని మారాడుగానీ ఊరు మారలేదు. రెండిటికీ కలిపి అక్కడొక మ్యూజియం కూడా ఉంది. ఆ వైపు వెళ్తే అరపూట కేటాయించవచ్చు.

సేకర్తకు కేస్ ఎందుకు నచ్చుతుందంటే, ప్రతి చాకూ తన వయసు తనే చెబుతుంది. టాంగ్ మీద ‘కేస్ టెస్టెడ్ ఎక్స్ఎక్స్’ అని ఉంటే సుమారు 1920–40 నాటిది. ఉత్త ‘కేస్ ఎక్స్ఎక్స్’ అయితే 1940 నుంచి 1964 దాకా. 1965లో కింద ‘యూఎస్ఏ’ చేరింది. 1970లో ఆ యూఎస్ఏ కింద పది చుక్కలు కొట్టారు, తర్వాత ఏటా ఒక చుక్క తీసేశారు. ఏడు చుక్కలు కనిపిస్తే 1973. ఒక్క చుక్క అయితే 1979. 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలెట్టారు. ఏ దశాబ్దమో కలగాపులగం కాకుండా ఈసారి ‘ఎస్’ అక్షరాన్ని మెరుపు గీతలా వంకర కొట్టారు. భూతద్దం పట్టుకుని చిక్కుడు గింజంత చోటులో చుక్కలు లెక్కపెట్టడం బయటివాళ్లకు పిచ్చిగానే కనిపిస్తుంది. అలవాటైనవాళ్లకు మాత్రం అదే రుచి. 1990 తర్వాత గుర్తులు కొంత మారాయి, ఆ పట్టిక కేస్ వాళ్లే ఇస్తారు.

రెండో లెక్క మోడల్ నంబరు. 6254 తీసుకోండి. మొదటి అంకె పిడిది: 6 అంటే గాట్లు పెట్టిన ఎముక. రెండోది బ్లేళ్ల సంఖ్య: రెండు. మిగిలిన 54 ట్రాపర్ అనే ఆకారం. అదే 3254 అయితే పసుపు ప్లాస్టిక్ పిడి ఉన్న ట్రాపర్. 5 అయితే జింక కొమ్ము. 6220 అంటే ఎముక పిడి, రెండు బ్లేళ్లు, పీనట్: మడిస్తే మూడంగుళాలు కూడా ఉండని బుల్లి చాకు. 6318 మూడు బ్లేళ్ల స్టాక్‌మన్. ఈ నాలుగంకెలు వంటబడితే సంతలో అమ్మేవాడు ఏదో కథ చెబుతుంటే మీరు చాకు వైపు చూసి చిన్నగా నవ్వుకోవచ్చు.

స్టీలు రెండు రకాలు. సీవీ అని ఉంటే క్రోమ్ వెనేడియం, కార్బన్ జాతి, నల్లబడుతుంది, తుప్పు పడుతుంది, కానీ ఇట్టే పదునెక్కుతుంది. ఎస్ఎస్ అని ఉంటే స్టెయిన్‌లెస్, దాన్ని వాళ్లు ట్రూషార్ప్ అంటారు. స్టీలు పరంగా కేస్ గొప్పదని ఎవరూ అనరు, మెత్తనిదే. వాడకానికి కొనేవాళ్లకు నా ఓటు సీవీ పసుపు పిడికే. కొత్తది వంద డాలర్లలోపే దొరుకుతుంది, గీతలు పడ్డా దిగులుండదు.

కేస్‌తో చిక్కు ఎక్కడంటే, మరీ ఎక్కువ చేస్తారు. రంగురంగుల ఎముక పిడులు, స్మారక ముద్రలు, పెట్టెలు, సర్టిఫికెట్లు. ఫలానా సందర్భం అని బంగారు రంగు అక్షరాలు కొట్టిన చాకులు చాలావరకు పెట్టెలోనే పుట్టి పెట్టెలోనే ముసలివవుతాయి, కొన్న ధర వెనక్కి రావడం కష్టం. సేకరణ అంటే పెట్టెల దొంతర కాదనుకునేవాళ్లు ఆ జోలికి వెళ్లకండి. ఇంకొకటి, ఒకే మోడల్‌లో ఒక చాకుకీ ఇంకో చాకుకీ పనితనంలో తేడా ఉంటుంది, వీలైతే చేతిలో పట్టుకుని చూసి కొనండి.

గ్రేట్ ఈస్టర్న్: పనితనం కోసం, ఓపిక ఉంటేనే

2006లో టైటస్‌విల్‌లో పెట్టిన చిన్న కంపెనీ ఇది. పేరు కొత్త, పద్ధతి పాతది: వందేళ్ల కిందటి నమూనాలు, ఎక్కువగా 1095 కార్బన్ స్టీలు, అక్కడక్కడా 440సి స్టెయిన్‌లెస్. మూతపడిన పాత కంపెనీల పేర్లను బతికించి బ్రాండ్లుగా వాడుతుంది: నార్త్‌ఫీల్డ్, టిడియూట్. నార్త్‌ఫీల్డ్ ముద్ర ఉన్నవాటికి మెరుగులద్దిన పని, టిడియూట్ వాటికి కాస్త సాదా పని. ఇక్కడ కూడా పాత పేరు కొత్త చాకు మీదికి ఎక్కింది కదా అంటారేమో. నిజమే, కానీ ఎవరు చేశారో ఎక్కడ చేశారో దాపరికం లేదు. ఫ్యాక్టరీ టైటస్‌విల్‌లోనే కనబడుతోంది.

నంబరు చదవడం కేస్ కంటే తేలిక. 151118 అని ఉందనుకోండి: 15 చాకు ఆకారం, తర్వాతి 1 పిడి కొసల లోహపు తొడుగుల ఏర్పాటు, తర్వాతి 1 బ్లేళ్ల సంఖ్య, చివరి 18 అంటే 2018. సంవత్సరం మొహానే రాసి ఉంటుంది, చుక్కలు లెక్కపెట్టే పనిలేదు.

చేతిలోకి తీసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. స్ప్రింగు గట్టిది, కొన్ని మోడల్స్‌లో గోరు విరుగుతుందేమోనన్నంత గట్టిది. బ్లేడు సగం తెరుచుకున్నాక ఒకచోట టక్కున ఆగుతుంది, మళ్లీ లాగితే పూర్తిగా తెరుచుకుంటుంది. దాన్ని హాఫ్‌స్టాప్ అంటారు. వెనక్కి మడిస్తే వచ్చే చప్పుడు వినే చాకు బాగోగులు చెప్పేవాళ్లున్నారు. ఆ నడకనూ చప్పుడునూ కలిపి వాక్ అండ్ టాక్ అంటారు. చాకు వెన్నుని వెలుతురుకెదురుగా పట్టండి: స్ప్రింగుకీ లైనరుకీ (పిడి లోపలి లోహపు రేకుకీ) మధ్య వెలుతురు చొరబడకపోతే పని బాగున్నట్టు. కొత్త చాకులన్నిటిలో ఈ పరీక్షకు ఎక్కువసార్లు నిలబడేది గ్రేట్ ఈస్టర్నే అని నా అభిప్రాయం.

మరి అందరూ దీన్నే ఎందుకు కొనరు? దొరకదు గనక. ఒక ఆకారం కొన్ని వందలో కొన్ని వేలో చేసి ఆపేస్తారు, మళ్లీ అది ఎప్పుడొస్తుందో వాళ్ల చిత్తం. డీలర్ల దగ్గరికి రాగానే జనం ఎగబడతారు, మర్నాటికి అదే చాకు రెండోచేతి బజార్లో ఎక్కువ ధరకు కనిపిస్తుంది. కొత్తదాని ధర వంద డాలర్లు దాటే మొదలవుతుంది, రెండోచేతి ధరకు హద్దు లేదు. ఈ పరుగు కొందరికి మజా. నాకైతే చాకుల సరదా లాటరీ సరదాగా మారిపోతుందనిపిస్తుంది. ఒకే ఆకారం, 77 బార్లో అనే నమూనా అనుకుందాం, పట్టుకుని అది వచ్చినప్పుడే కొంటానని కూర్చోగలిగితే జేబూ మనసూ రెండూ కుదుటపడతాయి.

పాత ష్రేడ్, మూతపడిన ఇంకొన్ని

తక్కువ డబ్బుతో అసలైన అమెరికన్ తయారీ కావాలంటే జవాబు ఇక్కడుంది. ఎలెన్‌విల్‌లో చేసిన ఓల్డ్ టైమర్లు, ష్రేడ్ వారిదే మరో వరస అయిన అంకుల్ హెన్రీలు లక్షల్లో జనం జేబుల్లోకి వెళ్లాయి. అందుకే అవి అరుదైనవి కావు, ధరా చుక్కలనంటలేదు. ‘ష్రేడ్ వాల్డెన్’ అని ఉంటే 1970ల తొలినాళ్లకు ముందుది, ఇంకాస్త గౌరవం. ఓల్డ్ టైమర్ పిడి డెల్రిన్ అనే ప్లాస్టిక్, అందుకని చాలామంది చిన్నచూపు చూస్తారు. కానీ అది కుంచించుకుపోదు, పగలదు, నలభై ఏళ్ల తర్వాత కూడా బిగువు సడలదు. పల్లెటూళ్ల గరాజ్ సేల్స్‌లో, ఫ్లీ మార్కెట్లలో గాజు డబ్బాలో కుప్పగా పడి ఉంటాయి. టాంగ్ చదివే ఓపిక ఉన్నవాడిదే బేరం.

కెమిలస్‌దీ ఇదే వరస. న్యూయార్క్‌లో అదే పేరున్న ఊళ్లో ఉండేది, అమెరికా సైన్యానికి నాలుగు బ్లేళ్ల లోహపు చాకులు ఏళ్లకేళ్లు చేసిచ్చింది, 2007లో మూతపడింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికేది వేరే కంపెనీ సరుకు. సైన్యపు చాకుల మీద సంవత్సరం కొట్టి ఉంటుంది కాబట్టి వరసగా ఏడాదికొకటి కూర్చడం మంచి సరదా. టైటస్‌విల్‌లోనే ఉండే క్వీన్ 2018లో మూసేశారు. పాత క్వీన్ల పనితనం బాగుంటుంది, ధరలు మూతపడిన వార్త తర్వాత కాస్త ఎగిశాయి.

రెమింగ్టన్ తుపాకుల కంపెనీ 1920లో చాకుల్లోకి దిగింది. పిడి మీద తూటా ఆకారపు బిళ్ల ఉన్న వాళ్ల పాత ‘బులెట్’ చాకులకు పిచ్చి ధర. 1982 నుంచి వచ్చిన వాటి నకళ్లు మొదట్లో కెమిలస్ చేసిచ్చినవి. అసలుదీ నకలుదీ తేడా తెలియకుండా ఇందులో వేలు పెట్టవద్దు. కొత్తవాళ్లు ఒక అయిదేళ్లు ఈ వరసకి దూరంగా ఉన్నా పోయేదేం లేదు.

బక్ సంగతి రెండు మాటల్లో. 1964లో వచ్చిన 110 మోడల్, తెరిచాక లాక్ పడే వేట చాకు, అమెరికన్ చాకుల్లో ఎక్కువగా అనుకరణకు గురైనవాటిలో ఒకటి. కంపెనీ శాన్ డియేగో నుంచి 2005లో ఐడహోలోని పోస్ట్ ఫాల్స్‌కి మారింది. 1986 నుంచి టాంగ్ మీద ఏడాదికో గుర్తు ఉంటుంది. వాడకానికి మంచిది, పదును నిలుస్తుంది. చిన్న మడత చాకుల్లో మాత్రం కొన్ని చైనాలో చేయించినవున్నాయి, పెట్టె తిరగేసి చూడండి. సేకరణగా చూస్తే ఒకే మోడల్‌కు ఏటేటా గుర్తులు వెతకడమే ఉంటుంది, నాకు అంతగా రక్తి కట్టదు. అలబామా జాక్సన్‌విల్‌లో బేర్ అండ్ సన్ ఇప్పటికీ చేస్తోంది. ధర అందుబాటులో ఉంటుంది.

తయారీదారా, ఆకారమా?

చాలామంది కంపెనీ వారీగా మొదలుపెట్టి మధ్యలో విసుగెత్తి ఆపేస్తారు. ఒకే ఆకారాన్ని పట్టుకుని అన్ని కంపెనీలదీ పోగేయడం మేలని నా సలహా. స్టాక్‌మన్‌ని తీసుకోండి. పశువుల కాపరుల చాకు. సన్నని ముక్కున్న క్లిప్ బ్లేడు, గొర్రె డెక్కలా, తిన్నని పదునంచుతో ఉండే షీప్‌ఫుట్, మొన లేకుండా గుండ్రంగా ఉండే స్పే. స్పే ఎందుకంటే కోడెలకు విత్తులు తీయడానికి, పొరపాటున మొన గుచ్చుకోకుండా. కేస్ 18, ష్రేడ్ 8ఓటీ, బక్ 301, ఒక క్వీన్, వీలైతే ఒక గ్రేట్ ఈస్టర్న్: అయిదు చాకులు ఒక గుడ్డ మీద పరిస్తే ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ తేడా ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా కళ్లముందుంటుంది. ఎవరి స్ప్రింగు గట్టిది, ఎవరి బ్లేళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, ఎవరు గోరు గాడి లోతుగా కోశారు, అన్నీ.

పాత చాకు కొనేముందు

ముందు బ్లేడు నిండుగా ఉందో లేదో చూడాలి. తరతరాల పదునుతో అరిగిపోయిన బ్లేడు సన్నబడి, మడిచినప్పుడు పిడి లోపలికి బాగా దిగిపోతుంది. అదే మోడల్ కొత్త దాని బొమ్మతో పోల్చుకుంటే తెలిసిపోతుంది. బ్లేడు పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఊగకూడదు. పిడిలో మేకుల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లుంటాయి, గోటితో తడమండి. టాంగ్ మీది అక్షరాలు చెరిగినట్టుంటే ఎవరో మెరుగు చక్రం మీద పెట్టారన్నమాట. అక్షరాలు మరీ పదునుగా ఉండి బ్లేడు మిగతాది పాతగా ఉంటే ఇంకా అనుమానించండి. ‘కేస్ టెస్టెడ్’ ముద్ర నకిలీలు మార్కెట్లో తక్కువేం లేవు. పాత టాంగ్‌కు కొత్త బ్లేడు, పాత చాకుకు కొత్త పిడి కూడా జరుగుతుంటాయి. ఎముక పిడిని భూతద్దం కింద పెడితే చిన్న చిన్న రంధ్రాలూ చారలూ కనిపిస్తాయి, ప్లాస్టిక్‌లో అవి ఉండవు.

కొన్నాక మెరుగు పెట్టకండి. నల్లటి మచ్చలు పోయాయని మీరు సంతోషించేలోపు చాకు విలువలో సగం పోతుంది. ఎర్ర తుప్పును మాత్రం నూనెలో తడిపిన గుడ్డతో తుడవాలి. తోలు ఒరలో దాచవద్దు, తోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు స్టీలును తింటాయి. సెల్యులాయిడ్ పిడి ఉన్న పాత చాకుల్ని మిగతావాటితో కలపవద్దు, అది కుళ్లడం మొదలెడితే వచ్చే ఆవిరి పక్క చాకుల బ్లేళ్లను కూడా తుప్పుపట్టిస్తుంది. విశాఖలాంటి సముద్రపు గాలిలో కార్బన్ స్టీలు ఉంచేవాళ్లు సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మినరల్ ఆయిల్ రాయాల్సిందే.

అమెరికా నుంచి ఇంటికొస్తూ నాన్నకో మామయ్యకో ఒకటి తేవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. చేతిసంచిలో చాకు పెడితే విమానాశ్రయంలో వదిలేసి రావలసిందే, చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. మన దేశపు ఆయుధాల చట్టం కింద లైసెన్సు గొడవ తొమ్మిదంగుళాల కంటే పొడవో రెండంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేళ్లకు. జేబుచాకులు ఆ కొలతల దరిదాపుల్లో ఉండవు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి మాత్రం వద్దు.

జింక కొమ్ము పిడి సంగతి వేరు. కేస్ నంబర్లో 5తో మొదలయ్యే పాత చాకులకు వాడిన కొమ్ములో చాలాభాగం మన సాంబర్ జింకదే, భారతదేశం నుంచి ఎగుమతైంది. ఏటా రాల్చే కొమ్ములే అయినా 1990ల చివర్లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. ఆ తర్వాతే పాత కొమ్ము చాకుల ధరలు చెట్టెక్కాయి. ఇక్కడి వన్యప్రాణి చట్టం కింద కొమ్ముల వ్యాపారం నేరం. కాబట్టి కొమ్ము పిడి చాకు ఎంత ముచ్చటగా ఉన్నా అది అమెరికాలోనే ఉండనివ్వండి. నాన్నకు పసుపు పిడి 3254 తెండి. చెరుకు ముక్క కోసుకోవడానికైనా, తాడు తెంపడానికైనా అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదటి చాకుగా నన్నడిగితే, చేతిలో ముప్పై నలభై డాలర్లే ఉంటే యూఎస్ఏ ముద్ర ఉన్న పాత 8ఓటీ, ఊగకుండా నిండు బ్లేళ్లున్నది. వందకు దగ్గరగా పెట్టగలిగితే కొత్త కేస్ సీవీ. ఈ రెండూ ఓ ఏడాది జేబులో తిరిగాక కూడా చాకుల మీద మోజు తగ్గకపోతే, అప్పుడు గ్రేట్ ఈస్టర్న్ వరసలో నిలబడండి.